అత్త ఎత్తుకెళ్లిన కర్ర ముక్క

గురువారం పొద్దున్నే పాతపట్నం నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ ఎల్లిపోనాదే" అన్నాడు. మా మేనత్త పోయింది. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. సోమవారం నా రొమ్ములో గడ్డ గురించిన రిపోర్టు వస్తుంది. ఆసుపత్రికి తోడొస్తానంది అత్త.

నాది ప్రతిదానికీ కంగారు. మూడేళ్ల క్రితం జోస్యం చెప్పే టారో పేకముక్కల పెట్టె కొన్నాను. రోజూ ఒకటి తీసి చూడందే గడప దాటేదాన్ని కాదు. అత్త చర్చిలో సండే స్కూలు టీచరు. గిన్నె బొమ్మ ఉన్న ముక్క చూసి, ప్రభు భోజనపు గిన్నె అనుకుని మురిసిపోయి, పెట్టె మొత్తం పిల్లలకు చూపించడానికి పట్టుకెళ్లింది. అది సోది పేక అని పాస్టరుగారు చెప్పేసరికి మూడు ఆదివారాలు గడిచాయి.

పెట్టె తిరిగి తెచ్చిచ్చింది గానీ, "బొమ్మలేటి పాపం సేసినాయి?" అంది. నన్ను కూర్చోబెట్టి తనే అర్థాలు చెప్పింది. కత్తి న్యాయం, గిన్నె మితం, నాణెం వివేకం, కర్ర ధైర్యం. "ఏటవుతాదని అడక్కే. ఈయేల నానేటి సెయ్యాల అని అడుగు."

అప్పట్నుంచి రోజూ ఫోను, "ఏటొచ్చినాది?" అని. గిన్నె అంటే, "అయితే నోరు తగ్గించు." కత్తి అంటే, "నీ కోడలి మాట కూడా ఇను." కర్ర అంటే మాత్రం, "అది నాక్కూడా కావాలే" అనేది.

రెండు నెలల క్రితం ఒకే కర్ర బొమ్మ ఉన్న ముక్క కనబడకుండా పోయింది. ఇల్లంతా వెతికాను. ఆ మరుసటి వారమే గడ్డ చేతికి తగిలింది. ధైర్యమే పోయిందని అత్త దగ్గర ఏడ్చాను. "ముక్కేగదే పోయినాది. మోకాళ్లున్నాయి, ప్రార్థన సేసుకో" అంది.

నిన్న భూస్థాపన అయ్యాక అత్త బైబిలు బావ తెచ్చి నా చేతికిచ్చాడు. తెరిస్తే లోపల ఆ ముక్క ఉంది.

"అమ్మ గుండెకి ఆపరేసన్ సెయ్యాలన్నారే, రెండు నెల్లయినాది. నువ్వు కంగారు పడతావని సెప్పొద్దన్నాది" అన్నాడు బావ.

నాకు కోపమొచ్చింది. న్యాయం నేర్పిన మనిషి నా ఇంట్లో దొంగతనం చేసింది. అంత భయపడిందని నాకెలా తెలుస్తుంది? చెప్పుంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్లం కదా.

రేపే సోమవారం. ముక్కను చేతిసంచిలో పెట్టబోతూ చూశాను. ఒక మూల రంగుపోయి, గుడ్డలా మెత్తబడింది. అక్కడ బొటనవేలు ఆనించాను. అత్త వేలు ఆనిన చోటే, సరిగ్గా సరిపోయింది.