తాళం వెయ్యని ఇల్లు

మా సర్వేలో ఏ ఇంటి ముందు నిలబడినా రాయడానికి మూడే ఉంటాయి: వివరాలు ఇచ్చారు, ఇవ్వం అన్నారు, తాళం వేసి ఉంది. మూడింటిలో ఒకటి నొక్కితే తప్ప చేతిలోని టాబ్లెట్ తర్వాతి ఇంటికి పోనివ్వదు. ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక జాలరిపేటలో, ఆకుపచ్చ తలుపున్న ఇంటి ముందు నిలబడి నేను మూడోది నొక్కాను. ఆ తలుపుకి తాళం లేదు. ఓరగా తెరిచే ఉంది. లోపల ఎవరో బిడ్డను జోకొడుతున్న చప్పుడు కూడా వినిపించింది.

నేను టీకాల మీద పనిచేస్తాను. ఏ ఊళ్ళో ఎంతమంది పిల్లలకు తట్టు టీకా పడింది, పడనివాళ్ళు ఎక్కడున్నారు, జబ్బు ఎక్కడ మొదలై ఎటు పోతోంది, ఇదంతా లెక్కగట్టడమే నా చదువూ ఉద్యోగమూ. మేము పంపిన అంకెలు బరంపురం ఆఫీసులో ఒక పటం మీద రంగులై కనిపిస్తాయి. సముద్రాల అవతల ఎవరో ఆ పటాన్నే చూసి ఏ దేశానికి ఎన్ని టీకాలు కావాలో ఆలోచిస్తారు. ఈ పని ఎంచుకోవడానికి నాకున్న కారణం గొప్పదేమీ కాదు. మనుషుల ముఖంలోకి చూసి మాట్లాడటం నాకు చిన్నప్పట్నుంచీ కష్టం. పుస్తకంలాగే అంకెలు కూడా తిరిగి ఏమీ అడగవు కదా అనుకున్నాను. ఆ అంకెల కోసం ముందు ఇంటింటికీ తిరగాలన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మాది చికిటి దగ్గర. ఆ పేటవాళ్ళ తెలుగూ మా ఇంటి తెలుగూ ఒకటే. అందుకే మా బృందానికి పెద్దగా ఉన్న ఒడియా డాక్టరమ్మ ఆ పేటను నాకు ఇచ్చింది. మేమంతా ఆమెను మేడమ్ అనేవాళ్ళం. "నీ వాళ్ళే కదా, నీకైతే తలుపులు తీస్తారు" అంది.

ఆ ఉదయం నాతో ఊరి ఆరోగ్య కార్యకర్త వచ్చింది. ఆమెనందరూ దీదీ అంటారు. మందుల సంచీతో ఆమె ఒక వీధికి వెళ్ళింది, నేను ఇంకో వీధికి. ముందు నీడలో వలలు బాగుచేసుకుంటున్న ముసలమ్మలు కనిపించారు.

"ఏటి కావాలమ్మా?"

చెప్పాను. వాళ్ళకు వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

"దీని గొంతు సూడే. ఇసకలో కొంగ నడిసినా ఇంతకన్నా సప్పుడొత్తాది."

"పెల్లయిందేటి నీకు?"

"లేదు."

"ఎలాగవుద్ది? ఆ పలకనొగ్గితే కదా."

అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. ఒకామె బుట్ట పక్కకు జరిపి కూర్చోమంది. కొత్త ఊళ్ళో నన్ను అంత తొందరగా కలుపుకున్నవాళ్ళు అంతకుముందు లేరు. అక్కణ్ణుంచి లేచి నాలుగిళ్ళు దాటాక ఆ ఆకుపచ్చ తలుపు వచ్చింది.

గుమ్మానికి రెండు వైపులా వేపమండలు కట్టి ఉన్నాయి. ఇంకా వాడలేదు. గడప ముందు పసుపునీళ్ళు చల్లిన మరక. అంటే లోపల బిడ్డకు అమ్మోరు వచ్చింది. అది తట్టే, కానీ అమ్మోరు ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఆ మాట మావాళ్ళు నోట అనరు. ఇంట్లో తాలింపు వెయ్యరు. బయటివాళ్ళు గడప తొక్కరు, బిడ్డను పేరు పెట్టి పిలవరు, ఎలా ఉందని అడగరు. అడిగితే అమ్మోరు ఆ కోపం బిడ్డ మీద చూపిస్తుందంటారు.

ఆరేళ్ళప్పుడు నేను మండలు చూసుకోకుండా మా పిన్ని ఇంట్లోకి పరుగెత్తి, మంచం మీదున్న చెల్లెల్ని పేరు పెట్టి పిలిచాను. మా నాయనమ్మ నన్ను కొట్టలేదు. చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, "అది ఇప్పుడు నీ సెల్లి కాదు. అమ్మోరు. బయటే నిలబడి దణ్ణమెట్టి ఎల్లిపోవాల" అని మాత్రం చెప్పింది. చెల్లెలు కోలుకునేదాకా నాకు అన్నం సయించలేదు. దానికేమైనా అయితే నా వల్లే అనుకునేదాన్ని.

ఆకుపచ్చ తలుపు ముందు నిలబడినప్పుడు నా చదువు నాకు గుర్తుంది. ఒంటిమీద దద్దుర్లతో జ్వరం ఉన్న బిడ్డ కనిపిస్తే అదే రోజు ఫోన్ చెయ్యాలి. విటమిన్ ఎ చుక్కలు నోట్లో ఇవాళ ఒకసారి, రేపు ఒకసారి వేస్తే కళ్ళకు వచ్చే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. మా శిక్షణ పుస్తకంలో ఆ వాక్యాన్ని తెలుగులో రాసింది నేనే. చుక్కలు పక్క వీధిలో, దీదీ సంచీలో ఉన్నాయి.

నేను చెప్పులు విప్పాను. దణ్ణం పెట్టాను. చెప్పులు తొడుక్కుని వెనక్కి తిరిగాను. ఇవ్వం అన్నారని నొక్కడానికి నేను అసలు అడగనే లేదు. అందుకని తాళం అని నొక్కాను.

మా బృందంలో ఇంకెవరు వెళ్ళినా ఆ ఆకులు వాళ్ళకు ఆకులే. పిలిచేవాళ్ళు, తిట్లు తినేవాళ్ళు, చుక్కలు వేసేవాళ్ళు. తలుపులు తీస్తారని పంపిన మనిషినే నేను, తీసి ఉన్న తలుపు ముందు ఆగిపోయాను.

వీధి చివర దీదీ అడిగింది, ఇళ్ళన్నీ అయ్యాయా అని. ఒకటి తాళం అన్నాను. తాళం వేసిన ఇంటికి మర్నాడు మళ్ళీ వెళ్ళాలన్నది నియమం. మర్నాడు అల్పపీడనం, వాన. ఆ తర్వాత మా జీపును పురుషోత్తంపూర్ వైపు పంపారు. నేను ఫోన్ చెయ్యొచ్చు. చేస్తే, మరి తాళం అన్నావెందుకని దీదీ అడుగుతుంది. ఆ ప్రశ్నకు నాకు నోరు రాదు. అందుకని డైరీలో రాసుకున్నాను. రోజూ ఆ ఇంటి గురించే రాశాను. మండలు ఇప్పటికి వాడిపోయి ఉంటాయనీ, బిడ్డకు నీళ్ళు పోసి ఉంటారనీ, తగ్గిపోయి ఉంటుందనీ. అక్షరాలు గుండ్రంగా, దిద్దినట్టు ఉన్నాయి. ఆ పేజీలు ఇప్పుడు చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడు వారాలకు దీదీయే ఫోన్ చేసింది. ఆ ఇంటి ఆడపిల్లను, రెండేళ్ళది, బరంపురం పెద్దాసుపత్రికి తీసుకొచ్చారట. తండ్రి పడవ పనికి గుజరాత్ వెళ్తే కుటుంబమంతా ఏడాది అక్కడే ఉండి వచ్చిందట. టీకా అలా తప్పిపోయింది. రెండు కళ్ళలోనూ పువ్వు వేసి చూపు పోయిందట.

ఆసుపత్రికి వెళ్ళాను. కళ్ళ వార్డు బయట వరండాలో నిలబడ్డాను. తల్లి మోకాళ్ళ మీద బిడ్డ పడుకుని ఉంది, చెయ్యి గాల్లోకి చాచి దేన్నో వెతుకుతోంది. తల్లి తన వేలు అందించింది. నేను అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాను. ఆ రోజు ఏ గుమ్మానికీ మండలు లేవు, అయినా వచ్చేశాను.

మేడమ్‌కి చెప్పాను. ఆమె చాలాసేపు తన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. తర్వాత, డేటా మూసేశారు, ఇప్పుడు మార్చడం కుదరదు అంది. తాళం ఇళ్ళు కొన్ని ఎప్పుడూ ఉంటాయి, వాటితో ఫలితం మారదు అని కూడా అంది. నీ తప్పు కాదు అనలేదు. టీ తెప్పించింది.

తర్వాతి సర్వేలో నాలుగోది ఒకటి చేర్చాలని నేను కాగితం రాసి పెట్టాను: గుమ్మానికి వేపమండలు ఉన్నాయి. అలాంటి ఇంటికి ఊరి పెద్దావిడను తోడు తీసుకెళ్ళి, ఆమె చేత్తోనే, తీర్థం ఇచ్చినట్టు చుక్కలు వేయించాలని. అది పనికొచ్చింది. దూరదేశాలవాళ్ళు తెరమీద కూర్చున్న సమావేశంలో ఒక గొంతు, స్థానిక ఆచారాల మీద ఈ అమ్మాయికున్న గౌరవం అందరికీ రావాలి అంది. ఆ ఏడే నన్ను బృందానికి పెద్దను చేశారు. నాకు వచ్చినదంతా ఆ పిల్ల కళ్ళలోంచి వచ్చిందని అక్కడ ఎవరికీ తెలియదు. పటం మీద ఆ పేట ఈ రోజుకీ, టీకాలు బాగానే పడ్డాయన్న లేత ఆకుపచ్చలోనే ఉంది. ఆ ఇల్లు ఈ రోజుకీ తాళం.

మొన్న, మూడేళ్ళ తర్వాత, ఆ ఇంటికి వెళ్ళాను. చెప్పవలసింది డైరీలో రాసి కంఠతా పట్టుకుని వెళ్ళాను. తల్లి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"గడప కాడ ఆగిపోనావేటి, రా. ఇప్పుడు మండల్లేవు కదా" అంది. "ఆ దినం నిన్ను కిటికీలోంచి సూసినాను. సెప్పులిప్పి దణ్ణమెట్టినావు. సదువుకున్నోలు ఎవులు సేత్తారమ్మా అలగ?"

పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఎవులే అమ్మా?" అంది.

"మనోలే. మరియాదెరిగిన పిల్ల."

కంఠతా పట్టినదంతా పోయింది. "అక్కా, ఆ రోజు మా దగ్గర మందుంది" అన్నాను. "కళ్ళు పోకుండా వేసేది."

"ఏటీ?"

మళ్ళీ చెప్పాను. ఈసారి ఆమెకు వినపడింది. చేప పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏసుంటే సూపుండునా?"

"ఉండేదే, చాలావరకు."

"సూపు అమ్మోరు అట్టుకెల్లిందనుకున్నాం కదమ్మా" అంది. ఆమె గొంతులో కోపం లేదు. "మరెందుకు రానేదు?"

"మండలు చూసి."

ఆమె గుమ్మం వైపు చూసింది. మండలు కట్టిన మేకులు రెండు అలాగే ఉన్నాయి, తుప్పు పట్టి.

"అవి కట్టింది నానే" అంది.

అప్పటిదాకా ఆమెకు అమ్మోరు ఉంది. మూడేళ్ళు దాన్ని పట్టుకుని బతికింది. నా బరువు దించుకోవడానికి వచ్చి నేను అది కూడా తీసేసుకున్నాను. నాదే తప్పక్కా, నీది కాదు అన్నాను. ఆమె విన్నదో లేదో తెలియదు. ఒకే చేపను ఇటు తిప్పి అటు తిప్పి వేస్తోంది.

"అమ్మా, ఎవులే?" అని పిల్ల మళ్ళీ అడిగింది.