పసుపుతో ఆగిన రక్తం

రక్తం ఆగితే గండం గడిచిందనుకునేవాళ్ల కోసం ఇది రాసిపెడుతున్నాను.

వనపర్తి నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో, దవడ క్యాన్సర్ ఉన్న ఒకాయన భార్యతో నా పక్కన కూర్చున్నాడు. పొద్దున పుండు నుంచి రక్తం కారితే పసుపు అద్ది, హైదరాబాద్ దవాఖానకు బయల్దేరారట. కొత్తకోట రాగానే ఆయన లేచాడు.

“ఆగింది గద, ఇంటికి పోదాం పా. దవాఖానల కోస్తే నేను బతుక.”

“మళ్ల కారుతదన్నా,” అన్నాను. “చానమందికి కొయ్యరు. తొడకాడికెల్లి సన్న గొట్టం పంపి, రక్తం కారే నరాన్ని లోపల్నే మూస్తరు.”

“నువ్వు డాక్టరువా?”

“కాదు, లైబ్రరీల చదివిన.”

ఆయన నవ్వబోయాడు. దవడకు అదిమిపెట్టుకున్న తువ్వాలు ఎర్రబడింది.

అంబులెన్స్ ఎక్కుతూ భార్య అడిగింది: “ఈయనకు గూడ కొయ్యరు గద అన్నా?”

పుస్తకంలో ఆయన గురించి లేదు. అయినా తలూపాను. ఇప్పటికీ ఆ ప్రశ్న వినిపిస్తుంటుంది.

అంబులెన్స్‌ను పిలిచిన కండక్టర్ సరోజకు, అది వచ్చేదాకా బస్సు ఆపిన డ్రైవర్ రషీద్‌కు కృతజ్ఞతలు. ఆ భార్యాభర్తల పేర్లు నాకు తెలియవు.