జీపు అమ్మొద్దన్న కాక

కాక పోయాడని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను గచ్చిబౌలిలో మా ఆఫీసు లిఫ్టులో ఉన్నాను. పొద్దున టీ తాగి, పేపరు చూస్తూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. డాక్టరు వచ్చేసరికే ప్రాణం లేదు. పన్నెండో అంతస్తులో దిగాల్సినదాన్ని, దిగకుండా అదే లిఫ్టులో కిందికి వచ్చేశాను.

కాక నాకు రక్తసంబంధం కాదు. గోపన్‌పల్లిలో మేముండే అపార్ట్‌మెంట్ ఒకప్పుడు ఆయన పొలం. బిల్డరుకు పొలం ఇచ్చినందుకు వచ్చిన ఫ్లాట్లలో గ్రౌండ్ ఫ్లోర్‌ది ఉంచుకుని, అందులో చిన్నమ్మతో ఉండేవాడు. ముప్ఫై ఏళ్లు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మా బ్లాకులో అందరికీ ఆయన కాక, ఆయన భార్య చిన్నమ్మ. అనంతపురం నుంచి వచ్చినదాన్ని, బాబాయిని కాక అనడం నా నోటికి పట్టడానికి కొన్నాళ్లు పట్టింది. మొదట్లో నేను ‘మీరు’ అంటే నవ్వేవాడు.

“మీరు గీరు ఏంది బిడ్డా? నేనేమన్న మీ మేనేజర్నా?”

పెళ్లికి ముందే, ఈ బ్లాకులో అద్దెకు ఉంటున్నప్పుడు, నా జీతంతో నేను జీపు కొనుక్కున్నాను. బండరాళ్ల మీదికి ఎక్కించే రకం. పక్కల రెండే తలుపులు, పైన గుడ్డ టాపు, వెనక ఎదురెదురుగా రెండు బల్లల్లాంటి సీట్లు. నేనొక్కదాన్నే మొదటిసారి దాన్ని ఊరి అంచున రాళ్ల మధ్యకు తీసుకెళ్లిన ఆదివారం, ఒక చక్రం గాల్లో, ఒక చక్రం గుంతలో పడి ఇరుక్కుపోయాను. వాకింగ్‌కి వచ్చిన కాక చూసి దగ్గరికి వచ్చాడు. దిగబోతుంటే వద్దన్నాడు. “నువ్వే ఎక్కించినవ్, నువ్వే దించు” అని ముందు నిలబడి చేత్తో సైగలు చేస్తూ, అరగంటలో నా చేతే బయటికి తీయించాడు. చివర్లో ఒక్క మాట అన్నాడు: “బ్రేకు ముందుగాల కన్నుతోని వెయ్యాలె బిడ్డా. కాలు దాని ఎనకనే వస్తది.”

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఇద్దరం కలిసి వెళ్లాం. చిన్నమ్మ జొన్నరొట్టెలు కట్టి ఇచ్చేది. కాక పక్కన కూర్చునేవాడే కాని స్టీరింగ్ ఎప్పుడూ అడగలేదు. ఆడపిల్లకు ఈ బండి ఎందుకని మా అమ్మ ఫోన్లో గొణుగుతుంటే, ఒకసారి ఫోన్ తీసుకుని, “ఆమె చెయ్యి మంచిగున్నదమ్మా. ఫికర్ చెయ్యకు” అన్నాడు. అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పెళ్లయింది, పాప పుట్టింది, జీపు మాత్రం అలాగే ఉంది. పాపను చంకలో ఎత్తుకుని ఎక్కించడం, మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి క్యాబ్ పిలవడం మామూలైపోయింది. మార్చమని మా ఆయన ఒక్కసారీ అనలేదు.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక మధ్యాహ్నం చిన్నమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అంబులెన్సు దారిలో నీళ్లలో ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. నీళ్లు దాటగలిగే బండి మా బ్లాకులో నా జీపు ఒక్కటే.

చిన్నమ్మను దుప్పట్లో మోసుకొచ్చాం. ముందు తలుపులోంచి పట్టలేదు. సీటు మడిచినా పట్టలేదు. చివరికి వెనక తలుపు తీసి, రెండు సీట్ల మధ్య ఇనుప నేల మీద పరుపు ముక్క వేసి పడుకోబెట్టాం. కాక ఆ ఇరుకులోనే కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. జీపు నీళ్లను చీల్చుకుంటూ ఎక్కడా ఆగకుండా వెళ్లింది. కాని ప్రతి గుంతకూ చిన్నమ్మ అరిచింది. ఎంత చూసి నడిపినా అరిచింది.

“మెల్లగ బిడ్డా, జర మెల్లగ” అంటూనే ఉన్నాడు కాక. అన్నేళ్లలో ఆయన నాకు ఆ మాట చెప్పడం అదే మొదలు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడు నెలల్లో చిన్నమ్మ కర్ర పట్టుకుని నడవసాగింది. అప్పుడు నేను మా ఆయనతో, జీపు ఇచ్చేసి ఇంటికి పనికొచ్చే పెద్ద బండి తీసుకుందామన్నాను. ఆ మాట ఎలా తెలిసిందో, సాయంత్రం కాక మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“మా గురించి అమ్ముతున్నవా? వద్దు బిడ్డా. నీ పానం దాంట్లనే ఉంటది. నాకెర్క లేదా? ఆ దినం అది లేకుంటే మీ చిన్నమ్మ ఏమయిపోతుండె?”

“నీళ్లు దాటితే సరిపోదు కదా కాకా. చిన్నమ్మ అరుపులు ఇంకా నా చెవుల్లోనే ఉండాయి. రేపు మా అత్తమ్మకైనా, మా అమ్మకైనా అంతే గదా.”

కాక వెళ్లబోయి తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు. “మరి నన్ను గూడ తోల్కపో. షోరూమోళ్లు నిన్ను ఆగం జేస్తరు” అన్నాడు.

షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి డ్యాష్‌బోర్డు మీది తెర సైజు చెబుతుంటే కాక వెనక తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో చూశాడు. సీటు ఎత్తు తన తొడతో కొలిచాడు. నాలుగుసార్లు కూర్చుని లేచాడు. తర్వాత ఒక గ్లాసు నిండా నీళ్లు తెమ్మన్నాడు. తాగడానికనుకుని తెచ్చి ఇచ్చాడతను. కాక దాన్ని పట్టుకుని వెనక సీట్లో కూర్చుని, “ఇగ నడుపు. స్పీడు బ్రేకర్లున్న దిక్కే పోనియ్యి” అన్నాడు నాతో. మొదటి బండిలో చొక్కా తడిసింది. రెండో బండిలో ప్యాంటు కూడా తడిసింది. మూడోదాంట్లో బొటనవేలు మాత్రం తడిసింది.

“గిది” అన్నాడు.

“సార్, ఈ మోడల్‌కి సన్‌రూఫ్ రాదండీ.”

“ఎండ మాకు బయటనే మస్తుగున్నది.”

కొత్త బండి ఇచ్చే రోజు జీపును అక్కడే వదిలిరావాలి. దాంట్లోని నా సామాన్లు సంచిలో వేసుకున్నాను. పాత బండ్లు చూసుకునే మనిషితో కాక, “కొనెటోళ్లకు చెప్పు, సెకండ్ గేరు జర గట్టిగ పడతది. జోరు చెయ్యొద్దని చెప్పు” అన్నాడు. ఆ మాట విన్నాక నన్ను నేను ఆపుకోలేకపోయాను. అంత మంది ముందు గోడ వైపు తిరిగి ఏడ్చాను. కాక నన్ను ఓదార్చలేదు. నాకూ ఆ సేల్స్ అబ్బాయికీ మధ్యకు వచ్చి, నా వైపు వీపు పెట్టి నిలబడి, స్టెప్నీ ఎక్కడుంటుంది, జాకీ ఎట్లా తీయాలి, వైపర్ అరిగితే ఏం చేయాలి అని, ముప్ఫై ఏళ్లు బండి నడిపిన మనిషి, ఏమీ తెలియనట్టు అడుగుతూ పోయాడు. నేను ముఖం తుడుచుకున్నాకే ఆ ప్రశ్నలు ఆగాయి.

నిజం చెప్పాలంటే కొత్త బండి నాకు చాలా నెలలు నచ్చలేదు. అందులో పాప నిద్రపోయేది, మా అత్తగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేవారు, చిన్నమ్మను చెకప్‌లకు తీసుకెళ్లేదాన్ని. అన్నీ బాగానే ఉండేవి. నాకే ఏదో వెలితి. అది కాకకు తెలుసు. ఒక్కో ఆదివారం, “రాళ్ల దిక్కు పోదమా?” అనేవాడు. అంచు దాకా వెళ్లి బండి ఆపి, ఫ్లాస్కులోని టీ తాగేవాళ్లం.

“దీన్ని ఎక్కిస్తవా?” అన్నాడు ఒకసారి.

“ఇది ఎక్కదు కాకా.”

“బండి ఎక్కదు. నువ్వు ఎక్కిస్తవు. నాకెర్కే” అని టీ ఊదుకున్నాడు.

కాక పదకొండో రోజు కార్యం అయ్యాక, బోరబండలో మంచం పట్టి ఉన్న తన అక్కను చూడాలంది చిన్నమ్మ. నేను తీసుకెళ్తానన్నాను. ఎప్పటిలాగే వెనక తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె కర్ర మీద ఆనుకుని ఆగింది.

“ఇయ్యాల ముందట కూసుంటా బిడ్డా” అంది.

ముందు సీటు ఎప్పుడూ కాకది. పొడుగు మనిషి, కాళ్లు చాపుకోవడానికి దాన్ని పూర్తిగా వెనక్కి జరుపుకునేవాడు. చిన్నమ్మ మెల్లగా ఎక్కి కూర్చుంది. చిన్న మనిషి. ఆ సీటులో దాదాపు కనిపించకుండా పోయింది. సరిగ్గా జరుపుదామని నేను వంగి సీటు కింద కడ్డీ మీద చెయ్యి వేశాను.

“ఉండనియ్యి” అంది.

బెల్టు పెట్టాను. ఆమె కర్రను పక్కన పెట్టి, కాళ్లు ముందుకు చాపింది. ఎంత చాపినా ఇంకా జానెడు ఖాళీ మిగిలింది. బోరబండ దాకా ఆ ఖాళీ అలాగే ఉంది. చిన్నమ్మ రోడ్డు చూస్తూ కూర్చుంది. నేను జర మెల్లగా నడిపాను.