రేపటి వాటా

అరవైల చివర్లో, మా ఆయన భావనపాడు బడిలో పంతులుగా చేరిన కొత్తలో, మా పక్కింట్లో చేపలమ్మే ఒకామె ఉండేది. ఆ ఊళ్లో అక్కను పిలిచినట్టు, ఆమెను అప్పా అని పిలిచేదాన్ని. సాయంత్రం టెక్కలి నుంచి ఖాళీ గంపతో రాగానే, బియ్యం కొనడానికి వెళ్లకముందే, కొంగుముడి విప్పి కొంత చిల్లర మట్టి ముంతలో వేసేది. వేస్తూ కళ్లు మూసుకుని, ఎవరినో తలుచుకున్నట్టు నవ్వేది.

"ఎవరికప్పా అది?" అని ఒకసారి అడిగాను.

"రేపుకమ్మా. రేపంటే మనింటికొచ్చే సుట్టం లాటిది. మనం తినీసినాక ఏటి మిగుల్తాది? ముందే తీసి ఎట్టాల."

ఆ ఏడు వానాకాలంలో సముద్రం అల్లకల్లోలమై వేట ఆగిపోయింది. ఇళ్లలో గింజలు నిండుకున్నాయి. మగవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి పడవ యజమాని దగ్గర ముందుగా డబ్బు తెచ్చుకున్నారు. తెచ్చుకున్నవాడు ఆయన ఎప్పుడు పిలిస్తే అప్పుడు వేటకు వెళ్లాల్సిందే. అప్ప మొగుడూ బయల్దేరాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి ముంత పగలగొట్టింది.

"యెల్లకు మావా. గంజి తాగుదుం."

అలలు ఇంకా తగ్గని ఒక తెల్లవారుజామున యజమాని మనిషి వీధంతా కేకలు వేస్తూ తిరిగాడు. డబ్బు తీసుకున్నవాళ్లు తెడ్లు భుజాన వేసుకుని వాన తుంపరలో కలిసిపోయారు. వాళ్ల వెనకే ఆడవాళ్లు ఒడ్డుకు పరుగెత్తారు. నేను కంగారుగా అప్ప గుమ్మంలోకి వెళ్లి గట్టిగా పిలిచాను. ఆమె చాప పక్కన కూర్చుని మొగుడి తల నిమురుతోంది.

"మెల్లగా మాటాడమ్మా," అంది. "మావ తొంగున్నాడు."