మావగారూ, లేత్ మిషనూ, నా బేరమూ

మొన్న ఆదివారం మిక్సీ కొనడానికి మా ఆవిడతో విజయనగరం వెళ్ళాను. కొట్టువాడు రెండు మిక్సీలు బల్ల మీద పెట్టాడు. నాకు నచ్చింది ఎడమవైపుది. కాబట్టి కుడివైపు దానికేసి చూస్తూ మూతి విరిచాను. గజపతినగరంలో మా నాన్న ఇనప సామాన్ల కొట్లో, గల్లాపెట్టె పట్టుకునే నేను నడక నేర్చాను. కావలసిన వస్తువు వంక కన్నెత్తి చూడకూడదన్నది మా వంశానికున్న ఒకే ఒక్క వేదాంతం. నా పెళ్ళిలో పంతులుగారితో మంత్రాల మీద కూడా బేరమాడానని మా ఆవిడ వైపువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం, సన్నాయివాళ్ళతో మాత్రమే ఆడాను. సరే, నేను కుడివైపు మిక్సీకి వంకలు పెడుతూ కొట్టువాణ్ణి ఒక దారికి తెస్తూ ఉండగా, మా ఆవిడ ఎడమవైపు దాని మీద చెయ్యేసి, "ఇదెంత బాగున్నాదండీ, జార్లు సూడండి, ఎంత గట్టిగా ఉన్నాయో" అంది. కొట్టువాడి ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది. ఇంక బేరమేముంటుంది? వాడు చెప్పిన ధర ఇచ్చి వచ్చాం. దారి పొడుగునా డబ్బా మీది ధర చదువుకుంటూ కూర్చున్నాను. మాట్లాడితే పోయినాయన పేరు ఎత్తవలసి వస్తుంది. ఈ జబ్బు వాళ్ళ నాన్న నుంచి వచ్చిందే.

మావగారిది బొబ్బిలి. మీసాలు సరిగ్గా రాకుండానే సైన్యంలో చేరి, బళ్ళూ ట్యాంకులూ బాగుచేసే విభాగంలో పదిహేనేళ్ళు పనిచేశారు. తిరిగొచ్చాక ఒక పాలిటెక్నిక్ కాలేజీ వర్క్‌షాపులో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. రిటైరయ్యేదాకా అక్కడే. వీధిలో పిల్లలు "తాతా, యుద్ధంలో ఎంతమందిని సంపీసావు?" అని అడిగితే కాస్సేపు ఆలోచించి, "రెండు గేరుబాక్సుల్ని. మూడోది బతికీసింది" అనేవారు. అంతకుమించి యుద్ధం గురించి ఆయన నోట నేను వినలేదు. వినకపోయినా, యుద్ధమంటే ఏమిటో ఆయన మా ఇంట్లో వారం రోజులున్నప్పుడల్లా నాకు తెలిసేది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి దుప్పటి అంచుకి అంచు కలిపి మడిచేవారు; అంతటితో ఊరుకోక నా దుప్పటి కోసం నా మంచం పక్కన నిలబడేవారు. నేను అందులో పడుకుని ఉన్నానన్నది ఆయనకి పెద్ద అడ్డంకి కాదు. కొట్టుకొస్తే కూర్చోరు. డబ్బాలోంచి ఒక బోల్టు తీసి, వేళ్ళ మధ్య తిప్పి చూసి, నా ఎదురుగా నిలబడ్డ రైతుతో "ఇది నీ నాగలికి ఆగదు నాయనా, పక్క కొట్టుకెల్లు" అనేవారు. పక్క కొట్టు మా పినతండ్రిది. ఆయనకీ మాకూ అప్పటికి పదేళ్ళుగా మాటల్లేవు.

చేతుల్లోకి టచ్ ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. ఆయన రిటైరై మూడేళ్ళయింది. ఒకనాడు బొబ్బిలి వెళితే అత్తగారు వంటింటి తలుపు చాటునుంచి మెల్లగా పిలిచారు. కాలేజీలో పాత సామాను వేలం వేస్తున్నారట. అందులో మావగారు చేరిన నాటినుంచీ పిల్లలకి పని నేర్పిన లేత్ మిషన్ కూడా ఉందట. ఇనప కడ్డీని గిరగిరా తిప్పుతూ కావలసిన కొలతకి చెక్కే యంత్రం అది. దాన్ని తుక్కు కిందికి రాసేశారు. "కబురు తెలిసిన కాడ్నించి ఈయన ముద్ద ముట్టడం నేదు బాబూ. నాలుగింటికి లెగిసే మనిషి ఎనిమిదైనా గోడకేసి తిరిగి తొంగుంటన్నారు. అడిగితే 'పోనీ, నాకేటి' అంటారు. నాకు భయమేస్తన్నాది. మీరు బేరాల్లో గట్టోరు. ఎలగోలా కొని పెరట్లో పడీండి. కళ్ళెదురుగా ఉంటే లెగిసి కూకుంటారు" అన్నారు. అత్తగారు నన్ను ఒక కోరిక కోరడం, నా బేరాన్ని ఒక సుగుణంగా ఎంచడం రెండూ అదే మొదలు. ఛాతీ పొంగి మాటిచ్చేశాను.

తెలియనివాళ్ళు వేలమంటే పాట పాడే చోట జరుగుతుందనుకుంటారు. కాదు, అంతకు గంట ముందు గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర జరిగిపోతుంది. పాత ఇనప సామాన్ల వ్యాపారులు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన మా నాన్నకి ఎరిగినవాడే. "లేతు నీదే బావూ. బెంచీలూ ఇనప రేకులూ మాయి. మా దాన్లో నువ్వు నోరెట్టకు, నీ దాన్లో మేం ఎట్టం" అన్నాడు. టీలు అయ్యాక ఒక మాట కలిపాడు. "మరి నలుగురెదురుగా దాన్ని బాగా తిట్టాల. నేకపోతే బయట్నించి ఎవడో దూరీస్తాడు." తిట్టడం గురించి నాకు ఒకరు చెప్పాలా? నేను చేసిన తెలివితక్కువ పని ఒక్కటే, మావగారిని వెంట తీసుకెళ్ళడం. చివరిసారి చూసి వచ్చేస్తానంటే కాదనలేకపోయాను. లోపల నోరు విప్పకూడదని మూడుసార్లు చెప్పాను. "సైన్యంలో పనిసేసినోణ్ణి బాబూ. ఆర్డరంటే ఆర్డరే" అన్నారు.

లోపల కాలేజీ స్టోరు గుమాస్తా వేలం కాగితం చదివాడు. నేను మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది లేతా, చెరుకు రసం మిషనా?" అన్నాను. చుట్టూ జనం నవ్వారు. మావగారు గోడవారగా, అటెన్షన్‌లో నిలబడినట్టు నిలబడి ఉన్నారు. కడ్డీని పట్టుకునే చక్ ఊడిపోయేలా ఉందన్నాను. కదల్లేదు. అడుగున ఉండే బెడ్ అరిగిపోయిందన్నాను. దవడ బిగిసింది గాని కదల్లేదు. అక్కడ ఆపేసి ఉంటే ఈ కథ లేదు. నవ్వులు వింటే నాకు ఒళ్ళు తెలియదు. "ఇన్నాళ్ళూ దీన్ని చూసుకున్నవాడెవడో గాని, చుక్క నూనె పోసిన పాపాన పోలేదు" అన్నాను.

"ఎవుడ్రా పొయ్యనేదు?"

పెళ్ళయిన పద్ధెనిమిదేళ్ళలో ఆయన నన్ను 'రా' అనడం అదే. జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, భుజం మీది తువ్వాలుతో బెడ్ మీది దుమ్ము తుడిచారు. కింద ఇనుము అద్దంలా మెరిసింది. అటెండరు చేత మెయిన్ వేయించారు. మిషన్ తిరగడం మొదలుపెట్టింది. అప్పుడు నా చొక్కా జేబులోకి, నా జేబులోకే, చెయ్యి పెట్టి రూపాయి బిళ్ళ తీసి, తిరుగుతున్న మిషన్ తల దగ్గరి ఇనప పెట్టె పైన అంచుమీద నిలబెట్టారు. బిళ్ళ పడలేదు. వణకనైనా వణకలేదు. "అరిగిపోనాది, ఊడిపోనాది అన్నోళ్ళు ఇలగొచ్చి సూడండి" అన్నారు. అందరూ వచ్చి చూశారు. బెంచీల కోసం వచ్చి వెనకాల నిలబడ్డ, సొంతంగా వర్క్‌షాపు నడుపుకునే ఒక నడివయసు మనిషి కూడా వచ్చి చూశాడు. చూసి పాట అందుకున్నాడు.

నేను పెంచాను. అతను పెంచాడు. అత్తగారికిచ్చిన మాట గుర్తొచ్చి ఇంకా పెంచాను. పాత ఇనపాయన నా చెవి దగ్గర, "ఏటి బావూ, మావగార్ని కొనడానికి తెచ్చావా, అమ్మడానికి తెచ్చావా?" అన్నాడు. ఆ మధ్యలో మావగారు ఆ వర్క్‌షాపువాణ్ణి పక్కకి పిలిచి పరీక్ష పెట్టారు.

"షెడ్డున్నాదా?"

"ఉన్నాది మాస్టారూ. గజపతినగరం రైలు గేటు అవతల."

"కింద సిమెంటు ఏసావా, మట్టి మీదెట్టీస్తావా?"

"ఏసాను మాస్టారూ, అడుగు మందం."

"రోజూ తిప్పుతావా?"

"తిప్పకపోతే పిల్లలకి కూడెలగ ఎడతాను?"

మావగారు నా వైపు తిరిగి, "బాబూ, ఇంక ఆపీండి" అన్నారు. ఆగిపోయాను. నా జీవితంలో ఒక వస్తువుని దాని అసలు ధరకి పైన అమ్మించింది ఆనాడే, అదీ కొనేవాడి వైపు నిలబడి.

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నోరు తెరిస్తే పెద్దాయన్ని ఏమంటానో నాకే తెలియదు. సగం దారిలో ఆయనే, "ఆకలేస్తన్నాది. దిగి ఇడ్లీ తిందారా?" అన్నారు. ఆరు తిన్నారు. ఇంటికి చేరాక అత్తగారు మా ఇద్దరి వెనక్కి, లారీ ఏదైనా వస్తోందేమోనని చూశారు. నేను తల దించుకున్నాను. "అంత పనిమంతులూ ఎల్లి ఉత్త సేతుల్తో వచ్చీసారేటి?" అన్నారావిడ. "పెరట్లో ఎడితే నువ్వు దానిమీద వడియాలు ఎండెడతావు" అన్నారు మావగారు కాళ్ళు కడుక్కుంటూ. "ఖాళీగా ఉంటే ఎట్టనా మరి?" అని ఆవిడ దాచుకోకుండా ఒప్పుకున్నారు. మర్నాడు నాలుగింటికి దుప్పటి లాగారు, నాది.

పదిరోజులకి ఆ వర్క్‌షాపువాడు, మా ఊరివాడే కాబట్టి, మా కొట్టు వెతుక్కుంటూ వచ్చాడు. మిషన్ బిగించాడట గాని మట్టం కుదరడం లేదట, మాస్టార్ని ఒకసారి పంపించమన్నాడు. ఆ 'ఒకసారి' నాలుగేళ్ళు సాగింది. మంగళవారం, శుక్రవారం బొబ్బిలి నుంచి రైల్లో దిగేవారు. స్టేషన్ నుంచి షెడ్డుకి బండి మీద తీసుకెళ్ళే పని నాది. ఎండనక, వాననక, పండగ ముందు కొట్లో జనం కిటకిటలాడుతున్నా సరే. ఇన్ని తిరుగుళ్ళకి ఆయన అక్కడ పుచ్చుకున్నది టీ ఒక్కటే, అది కూడా చక్కెర ఎక్కువైందని తిట్టి. చివరి వేసవికి చూపు మసకబారింది. అప్పుడు మిషన్ పక్కన స్టూలు వేయించుకుని, చెవి ఆ వైపు పెట్టి కూర్చునేవారు. "బేరింగు ఏడుస్తన్నాది, ఆపు" అనేవారు. విప్పి చూస్తే నిజంగానే ఏడుస్తూ ఉండేది. ఒక బుధవారం మధ్యాహ్నం భోంచేసి, మడిచిన దుప్పటి మీద తల పెట్టుకుని, అలాగే వెళ్ళిపోయారు. దినాలు అయి ఊరొచ్చాక మొదటి శుక్రవారం నేను మామూలు వేళకే బండి తీసి, స్టేషన్ దాకా వెళ్ళి, రైలు వచ్చి వెళ్ళిపోయాక గాని నాకు విషయం గుర్తు రాలేదు.

నేను బేరమాడని సరుకు లేదు. ఆయన బేరమాడిన సరుకు లేదు. కాలం ఎవరికీ ధర తగ్గించదని ఈ వయసుకి నాకూ తెలిసింది గాని, మెచ్చుకుంటూ తీసుకున్నవాడికి మాత్రం తక్కెడ కాస్త మొగ్గేలా తూస్తుందేమోనని అనుమానం.