ముందు ఎవరూ లేనప్పుడు

పక్క హాస్టల్లో పాలు మాడితే ఆ వాసన మా వంటింటి కిటికీలోంచి నేరుగా నా దగ్గరికే వస్తుంది. అశోక్‌నగర్‌లో మా సందు నిండా ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలే. స్టవ్ మీద పాలు పెట్టి పుస్తకం తెరుస్తారు, ఇక వాళ్ళకు లోకం ఉండదు. ఈ ఉదయం కూడా అదే జరిగింది. నాలుగు చీవాట్లు పెడదామని నోరు తెరిచి ఊరుకున్నాను. అప్పటికే నా చెయ్యి తనంతట తానే మా స్టవ్ నాబ్‌ల మీదికి పోయింది. అన్నీ కట్టేసే ఉన్నాయి. ఆ సంగతి చూసుకున్నాక గానీ కాలు కదపలేదు. ఈ అలవాటు నాకు వసుంధర టీచర్ పెట్టి పోయినది. ఆవిడ నాకు వంట నేర్పలేదు. నేర్పింది తాయ్ చీ, కాళ్ళూ చేతులూ మెల్లగా కదిపే చైనా వ్యాయామం.

వసుంధర టీచర్ నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో డ్రిల్లు చెప్పి రిటైరయ్యారు. నాకంటే కొంచెం చిన్న. పొట్టి మనిషి. నూలుచీర కుచ్చిళ్ళు చీలమండల పైకి దోపుకుని, మెడలో ఈల లేకపోయినా ఉన్నట్టే నడిచేవారు. మోకాళ్ళ నొప్పులకని తాను నేర్చుకున్న విద్యను చిక్కడపల్లిలో, నీళ్ళ ట్యాంకు ఉన్న ఒక చిన్న పార్కులో, పెద్దవాళ్ళకు ఊరికే నేర్పేవారు. ఊరికే కాకపోతే నేను గేటు కూడా దాటేదాన్ని కాదు. ముసలివాళ్ళంతా వరసగా నిలబడి గాలిలో మెల్లగా చేతులు తిప్పడం దూరం నుంచి చూసినప్పుడు, వీళ్ళకు ఇంట్లో పనులు లేవా అనుకున్నాను. ఆ మాట నా విషయంలోనే నిజమవుతుందని అప్పటికి తెలియదు.

జరిగింది ఇదీ. ఒకరోజు పాలు పొయ్యి మీద పెట్టి, వడియాలు ఆరబెట్టడానికి మేడ మీదికి వెళ్ళాను. పాల సంగతి మరుగున పడలేదు, అసలు పెట్టినట్టే లేదు నా బుర్రలో. ఆఫీసు నుంచి వచ్చిన మా కోడలు సునీత తలుపు తీసేసరికి ఇల్లంతా పొగ, కిటికీ పరదా ఒక మూల అంటుకుని ఉంది. అంతకు ముందు అన్నం కూడా అలాగే మాడింది. మా అబ్బాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కొన్ని మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు, గడియారం బొమ్మ గీయమన్నాడు. నేను చదివింది అయిదో తరగతే అయినా గడియారం గీయడం వచ్చు. మాటల్లో మాత్రం ఒకటి ఎటో పోయింది. దీన్ని ఇప్పుడే జబ్బు అనలేం గానీ కనిపెట్టి ఉండాలి అన్నాడు డాక్టరు. ఒళ్ళూ బుర్రా కలిసి పనిచేసే కొత్త పని ఏదైనా నేర్చుకుంటే మంచిదనీ, తాయ్ చీ లాంటిది కొందరికి మేలు చేస్తుందనీ, అద్భుతాలు మాత్రం ఆశించవద్దనీ చెప్పాడు.

ఇంటికి వచ్చాక సునీత నెమ్మదిగానే చెప్పింది. "ఇకమీదట స్టవ్ నేను చూసుకుంటాను, అత్తయ్యా." మర్నాటి నుంచి ఆఫీసుకు వెళ్తూ సిలిండర్ కట్టేసి, హాట్‌బాక్సులో అన్నం, ఫ్లాస్కులో కాఫీ పెట్టి వెళ్ళేది. బిళ్ళ వేసుకోమని ఫోను, తలుపు గడియ పెట్టుకోమని ఫోను, స్నానం అయిందా అని ఫోను. తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ పొయ్యి ముట్టించే హక్కు లేని మనిషి ఆ ఇంట్లో చుట్టమే. నేను పెళ్ళయి కృష్ణా జిల్లా నుంచి ఈ ఊరు వచ్చింది మొదలు నా చేయి పడకుండా మా పొయ్యి వెలగలేదు. ఆ పొయ్యి నాకు మళ్ళీ కావాలి. తాయ్ చీకి వెళ్ళింది అందుకే తప్ప, ఒంటి మీద ప్రేమతో కాదు.

మొదటి రోజు అందరికంటే వెనక నిలబడ్డాను. నా ముందు యాదగిరి గారని, బస్సు నడిపి రిటైరయిన ఆయన. నేను అలవాటు ప్రకారం చకచకా చేతులు తిప్పి, అందరికంటే ముందే ముగించి, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాను. వెనక నా అడుగుల చప్పుడు విని, ఆయన తిరక్కుండానే, "అమ్మా, జర బ్రేకు మీద కాలు పెట్టుర్రి. ఇది ముషీరాబాద్ బస్సు కాదు," అన్నారు. అందరూ నవ్వారు. టీచర్ నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, నా పాదం వైపు చూపించి, "ముందు కాలు పెట్టుర్రి. కింద నేల ఉందా లేదా చూసుకోర్రి. అప్పుడు బరువు ఇయ్యాలె. మీరు బరువు ముందే పంపిస్తున్నరు, కాలు ఎన్క పోతున్నది," అన్నారు. ఆవిడ పద్ధతి అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఒక కాలి పని పూర్తి కాకుండా రెండో కాలు లేస్తే, ఎంత పెద్దవాళ్ళనైనా మొదటికి పంపేవారు. దీనితో మతిమరుపు పోతుందా అని ఎవరో అడిగితే, తాను డాక్టరును కాననీ, కాళ్ళు మాట వింటాయని, మనసు ఒక పని మీద నిలుస్తుందని మాత్రం చెప్పగలననీ అన్నారు.

కొన్ని నెలలకు నాకు అన్నీ వచ్చేశాయనుకున్నాను. ఎప్పుడూ నీళ్ళ ట్యాంకు వైపు ముఖం పెట్టి నిలబడేవాళ్ళం. టీచర్ ముందు ఉండేవారు. చెయ్యి ఎప్పుడు లేవాలో, నడుము ఎటు తిరగాలో నాకు తడబాటే లేదు. ఒక ఉదయం ఆవిడ తన చోటు నుంచి కదలకుండా, "అందరు ఎన్కకు తిరుగుర్రి. ఇయ్యాల గేటు దిక్కు చేద్దాం," అన్నారు. తిరిగాం. అంతవరకూ చివర ఉన్న నేను మొదటిదాన్నయ్యాను. నా ముందు గేటు, గేటు అవతల గ్రంథాలయం తలుపు తీసే వేళకు పరిగెత్తే పిల్లలు. మనిషి వీపు లేదు. చేతులు లేచాయి. తరువాత ఏమిటి? ఎడమా, కుడా? ఏమీ లేదు. తుడిచిన పలకలా ఉంది. ఎవరైనా అందిస్తారేమోనని చూశాను. నా వెనక ఉన్నవాళ్ళంతా నన్ను చూసి చేస్తున్నారు కాబట్టి, నాతో పాటే ఆగిపోయారు.

టీచర్ వచ్చి నా పక్కన నిలబడ్డారు. అందించలేదు. "ఇన్ని దినాలు మీరు చేసింది నాది, అక్కా. మీది ఇంక షురూ కాలేదు," అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఇంటికి పోదామని చెప్పుల వైపు నడిచాను కూడా. కానీ దారిలో అర్థమైన సంగతి ఒకటి నన్ను ఆపింది. నేను ముందువాళ్ళది చూసి రాస్తూ వచ్చాను, నా బుర్ర పలక ముట్టనే లేదు. ఇంట్లో జరుగుతున్నదీ అదే. సునీత ఫోను చేస్తే బిళ్ళ, సునీత ఫోను చేస్తే గడియ. ఒకరు ముందు నిలబడితే నేను చెయ్యి ఎత్తుతున్నాను. మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చుని, స్టవ్ సంగతి ఆవిడకు మొత్తం చెప్పాను. నా కోడలితో ఒక మాట చెప్పండి, టీచరు మాట వింటుంది అని అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. "మా అమ్మకు గిట్లనే అయింది. మేము చెయ్యి కూడా కదపనియ్యలేదు. జడ మేమే అల్లినం, అన్నం మేమే కలిపినం. ప్రేమతోటే చేసినం. అన్ని మేము చేసేసరికి ఆమెకు చేసేదే లేకుండ పోయింది," అన్నారు. బెంచీ మీది నుంచి లేస్తూ, "మీ కోడలును పొయ్యి దగ్గరికి రావద్దని చెప్పకుర్రి. ఎన్క నిలబడమనుర్రి," అన్నారు.

ఆ ఆదివారం సునీతతో అదే చెప్పాను. "నేను చారు పెడతాను. నువ్వు నా వెనక నిలబడు. నిప్పు అంటుకుంటే తప్ప మాట్లాడకు." ఆమె ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది. చింతపండు పిసికాను, చారు మరిగింది, రెండో పొయ్యి మీద పోపు గరిటెలో ఆవాలు చిటపటలాడాయి. అక్కడ పోయింది. గరిటె చేతిలోనే ఉంది, తరువాత ఏమిటో తెలియలేదు. నా వెనక గాజులు కదిలాయి. సునీత చెయ్యి చాపబోయి ఆగినట్టుంది. పార్కులో చేసినట్టే చేశాను. కాళ్ళు నేల మీద ఉన్నాయా అని చూసుకున్నాను. మంట తగ్గించాను. ఆగాను. కాసేపటికి చెయ్యి కరివేపాకు వైపు వెళ్ళింది. పోపు పెట్టడం, హాల్లో ఫోను మోగడం ఒకేసారి జరిగాయి. పూర్వమైతే గరిటె అక్కడే పడేసి పరిగెత్తేదాన్ని. రెండు నాబ్‌లూ కట్టేసి, కట్టానో లేదో చూసుకుని, అప్పుడు తిరిగాను.

సునీత ఒక ముద్ద తిని నీళ్ళు తాగింది. "ఉప్పు రెండుసార్లు వేశారు, అత్తయ్యా."

"చూస్తూ ఊరుకున్నావా?"

"మీరేగా మాట్లాడవద్దన్నారు."

ఆ చారు పారబోయనివ్వలేదు. నీళ్ళు కలిపి మర్నాటికి కూడా వాడాం. ఆ మర్నాడు తను ఆఫీసుకు వెళ్ళేటప్పుడు సిలిండర్ కట్టలేదు.

పోయిన వానాకాలంలో టీచర్ నిద్రలోనే వెళ్ళిపోయారు. మంచాన పడలేదు, ఒకరి చేత చేయించుకోలేదు. పార్కుకు మళ్ళీ వెళ్ళిన మొదటి ఉదయం అందరం అలవాటుగా ట్యాంకు వైపు నిలబడ్డాం. ముందు చోటు ఖాళీగా ఉంది. "మరి ముందర ఎవరు నిలబడతరు?" అన్నారు యాదగిరి గారు. ఎవరూ వద్దన్నాను. ఎవరూ నిలబడలేదు. మధ్యలో ఇద్దరు ముగ్గురు తప్పారు, వాళ్ళే మళ్ళీ అందుకున్నారు. ఆ చోటు ఇప్పటికీ అలాగే వదిలేస్తాం.

నా మతిమరుపు పోలేదు. మనుషుల పేర్లు జారిపోతూనే ఉన్నాయి. డాక్టరు చెప్పే మాటల్లో ఇప్పటికీ ఒకటి దొరకదు. మాడిన ఆ పాలగిన్నెను మాత్రం బూడిదతో తోమి ఇంకా వాడుతున్నాను. గిన్నె చేసిన తప్పేముంది?

ఈ ఉదయం హాస్టల్ వాసనకు సునీత కూడా ఉలిక్కిపడి లేచి, వంటింటి గుమ్మం దాకా పరిగెత్తుకు వచ్చింది. నేను పాలు పొయ్యి మీద పెడుతున్నాను. ఆమె నన్ను చూసింది, స్టవ్‌ను చూసింది. అక్కడే నిలబడింది, నా వెనక. పాలు పొంగు వచ్చేదాకా నేను తల తిప్పలేదు.