పన్నెండు ఎలుకలూ మీట నొక్కిన పొద్దు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పుడు చెప్పేదాన్ని కూడా దయ్యమని అనలేను. చూసింది చూసినట్టు చెబుతాను.

మాది పాతపాళ్య. కర్ణాటకలో చిక్కబళ్ళాపుర దగ్గర ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పన్నెండు ఎలుకలు, పన్నెండు పెట్టెలు. గంట మోగినప్పుడు మీట నొక్కితే మేత గుళిక పడుతుంది. అది బాగా నేర్చుకున్నాక పద్ధతి తిరగేశాం. గంట మోగినా నొక్కకుండా కూర్చుంటేనే గుళిక. మూడు వారాల్లో అన్నీ మీట జోలికి పోవడం మానేశాయి.

వాటికి మేత, నీళ్ళు పెట్టేది రత్నమ్మ, సోమేనహళ్ళి మనిషి. ఆమెకిది నచ్చలేదు.

"ఒత్తమని నేర్పిచ్చిందీ మీరే, వద్దనేదీ మీరే. నిజంగా ఆకలైతే అవి ఎట్ల అడగల్ల చెప్పమ్మా?" అంది ఒకసారి. నవ్వి నా పనిలో పడ్డాను.

ఒక సోమవారం ఆమె రాలేదు. ఆయాసమొస్తే ఆస్పత్రిలో చేర్చామని కూతురు ఫోన్ చేసింది. సాయంత్రం పోయి చూద్దామనుకున్నాను.

పదకొండుంబావుకి, గంట మోగకుండానే, ఒక ఎలుక మీట నొక్కింది. తర్వాత ఇంకొకటి. నిమిషంలో పన్నెండూ. ఒక పెట్టెలో చప్పుడు ఇంకో పెట్టెలోకి వినబడదు. మానేసిన పని ఎలుక మళ్ళీ చేయడం మామూలే, కానీ ఒకటో రెండో, అదీ కాసేపు. ఇవి ఆపలేదు. కరెంటు తీసేశాను. తలుపులు తెరిచి చేత్తో గుళికలు వేశాను. ఒక్కటీ ముట్టలేదు. నొక్కుతూనే ఉన్నాయి.

పన్నెండుకు పది నిమిషాలుండగా అన్నీ ఒక్కసారిగా ఆగాయి.

సాయంత్రం ఆస్పత్రికి పోయేసరికి రత్నమ్మ ప్రాణంతో లేదు. కూతురు వరండాలో కూర్చుని ఉంది.

"పదకొండు దాటినంక మందులకని కిందికి పోయింటి అక్కా. వచ్చేతలికి పన్నెండు కావస్తా ఉన్నింది, అప్పటికే పానం పోయిండాది. అంతసేపూ మాయమ్మ నర్సును పిలిచే బటన్ ఒత్తుతానే ఉన్నిందంట. పక్క మంచం ఆయమ్మ చెప్పింది, ఆయమ్మా లేవలేని మనిషే. ఆ బటన్ చెడిపోయిండాది. ఎవురూ రాల్యా."

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మెషీన్ తప్పని చెప్పి మా సార్ ఆ రోజు రికార్డు కొట్టేశారు. నేనే సంతకం పెట్టాను. మరునాడు గంట మోగితే పన్నెండు ఎలుకలూ కదలకుండా కూర్చున్నాయి.

ఎందుకలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. రత్నమ్మ కూతురికి మాత్రం ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేకపోయాను.